తీర్మానాల పుస్తకంలో నేను రాయని షరతు

"సంఘం మీటింగులో జరిగిన ముఖ్యమైన విషయాలన్నీ మీరు ఈ పుస్తకంలో రాస్తారా?" అని పాప తండ్రి తరపు లాయరు నన్ను అడిగారు.

"రాస్తానండి. ముఖ్యమైనదేదీ వదలనండి" అన్నాను.

ఆ రెండో వాక్యం ఆయన అడగలేదు. "రాస్తానండి" అని ఆగిపోతే సరిపోయేది. కానీ జిల్లా పేపర్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి, రాత పని గురించి అడిగితే ఆ మాత్రం చెప్పుకోకుండా ఉండలేకపోయాను. జడ్జిగారు నా జవాబును ఇంగ్లీషులో చెబుతుంటే స్టెనో టైపు చేసుకుంది. తర్వాత లాయరు మా చర్చి తీర్మానాల పుస్తకాన్ని నా ముందు పెట్టి, ఒక పేజీ తెరిచి, కింద సంతకం నాదేనా అని అడిగారు. నాదేనన్నాను. పైన ఉన్న రాత కూడా నాదేనా అన్నారు. నాదేనన్నాను. పరీక్షలు అయిపోగానే పాపను తల్లికి అప్పగించాలని ఆ పేజీలో ఎక్కడైనా ఉందా అని అడిగారు. లేదని చెప్పాను.

అప్పుడు తల్లి తరపు లాయరు లేచింది. చిన్న వయసు అమ్మాయి. ఉచిత న్యాయ సహాయం కింద ఆ కేసు చూస్తోంది.

"రాతలో లేకపోతే లేదు సార్. పరీక్షలవగానే పాప తన దగ్గరికి రావాలని ఆవిడ ఆ రోజు నోటితో అన్నారా, లేదా?"

తల్లి గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, దాని జిప్పు పట్టుకుని నన్నే చూస్తోంది. ఆమె వెనక వరసలో మా సంఘ పెద్దలిద్దరు కూర్చున్నారు. పొద్దున్న మండపేట నుంచి రాజమండ్రికి ముగ్గురం ఒకే కారులో వచ్చాం. తిరిగి వెళ్లేదీ అందులోనే.

"అలాంటి ప్రస్తావన ఏదో వచ్చినట్టు గుర్తండి. కచ్చితంగా చెప్పలేను" అన్నాను.

నాకు కచ్చితంగా గుర్తుంది. ఆమె ఆ మాట రెండుసార్లు అంది. రెండోసారి నా పేనా వైపు చూస్తూ అంది.

మూడు వారాల తర్వాత ఆర్డరు వచ్చింది. అసలు కేసు తేలేదాకా పాప తండ్రి దగ్గరే ఉండాలి. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున్న పది నుంచి సాయంత్రం అయిదు వరకు తల్లితో గడపవచ్చు. ఆ ఆర్డరులో, ముఖ్యమైనదేదీ వదలనని నేను చెప్పిన వాక్యం ఇంగ్లీషులో ఉంది. నా రాత నా పేరుతో అచ్చయితే చూసుకుని మురిసిన రోజులు చాలా ఉన్నాయి. ఇలా ఒకరి కాగితాల్లో నా మాట కనబడటం అదే మొదలు.

ఇది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

మా చర్చి మండపేట ఊరి చివర, రైసు మిల్లుల వైపు ఉంటుంది. సంఘంలో ఎక్కువమంది మిల్లుల్లో పనిచేసేవాళ్లు, కొందరు టీచర్లు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు. పేపర్లో రిటైరయ్యాక నన్ను సంఘ కార్యదర్శిగా పెట్టారు. నాలో భక్తి చూసి పెట్టలేదు. నా దస్తూరీ బాగుంటుంది, నాలుగు మాటల్లో రాసేస్తాను, ఎవరి పక్షమూ కాదని పేరుంది. అందుకని పెట్టారు.

మొగుడూ పెళ్లాల తగువులు మావాళ్లు ముందు పెద్దల దగ్గరికే తెస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కనున్న చిన్న గదిలో కూర్చుంటాం. పాస్టరుగారు, ముగ్గురు పెద్దలు, నేను. రెండు పక్షాలూ చెప్పుకుంటాయి. ఒక తీర్మానం రాస్తాను, అందరూ సంతకాలు పెడతారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. అందులో చాలా కాపురాలు నిలబడ్డాయి కూడా. కోర్టుకెక్కారంటే ఇక కాపురం ముగిసినట్టేనని మావాళ్ల నమ్మకం. నాదీ అదే నమ్మకం. నేను కోర్టు వరండాల్లో ఏళ్ల తరబడి వార్తల కోసం నిలబడ్డవాణ్ణి. వాయిదాలకు తిరిగి తిరిగి ముసలివాళ్లయిన మనుషుల్ని చూశాను. అందుకని పెద్దల గది మీద నాకు ఇంకాస్త ఎక్కువ గురి.

పాప తల్లిది సామర్లకోట. మా సంఘం కుర్రాణ్ణి చేసుకుని మండపేట వచ్చింది. అతను మిల్లులో సూపర్‌వైజరు. ఆమె రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీల దగ్గర గొడవ మొదలైంది. ఇంటి పని, అత్తగారి మాటలు, బస్సు ఆలస్యం, అన్నీ దానికి తోడయ్యాయి. ఒకరోజు అతను చెయ్యి చేసుకున్నాడు. మర్నాడు ఆమె ఒక బ్యాగుతో రాజమండ్రి వెళ్లి లేడీస్ హాస్టల్లో చేరింది. పాప అప్పుడు రెండో తరగతి. స్కూలు సగంలో ఉంది, హాస్టల్లో పిల్లల్ని ఉంచుకోనివ్వరు. పాపను అక్కడే వదిలి వెళ్లడం ఆమెకు ఆ వారానికి సరిపడే ఏర్పాటు, అంతే.

అతణ్ణి చెడ్డవాడని రాయలేను. పాపకు జడలు వేసేది అతనే. మిల్లు నుంచి భోజనానికి వచ్చి, స్కూలు గేటు దగ్గర ఆగి, క్యారేజీ ఇచ్చి వెళ్లేవాడు. ఆ ఒక్కరోజు చెయ్యి ఎత్తినందుకు మా అందరి ముందూ తల దించుకుని కూర్చున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టాం. కాపురం సంగతి కొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు. పాప సంగతి వచ్చేసరికి, పరీక్షలయ్యేదాకా కదపొద్దని అందరూ అన్నారు. ఆమె కూడా ఒప్పుకుంది. అప్పుడే ఆ మాట అంది. పరీక్షలవగానే పాప తన దగ్గరికి రావాలి, అప్పటికి తను గది తీసుకుంటుంది, అమ్మను సామర్లకోట నుంచి తెచ్చుకుంటుంది. ఆ సంగతి కూడా రాయమంది.

పెద్దల్లో అందరికన్నా పెద్దాయన నవ్వారు. "అన్నీ కాగితం మీదెక్కించేస్తే ఇంక నమ్మకం ఎందుకమ్మా? దేవుని మందిరంలో అనుకున్న మాట. ఎవరు కాదంటారు?"

"కన్నతల్లి దగ్గరికి పంపకుండా ఏం చేసుకుంటామండీ" అంది అత్తగారు.

ఆమె నా వైపు తిరిగింది. "రాయండి బాబాయిగారూ. ఒక్క లైనే కదండీ."

"పేపరాయన్ని లైన్లు పెంచమంటున్నావేంటమ్మా? ఆయన పనే కోసెయ్యడం" అన్నారు పెద్దాయన. అందరం నవ్వాం. ఆమె కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఇక అడగలేదు.

నేను రాసింది ఇది: "పాప చదువునకు ఆటంకము కలుగకుండ తండ్రి వద్దనే యుండునట్లును, తల్లి వీలున్నపుడు వచ్చి చూచుకొనునట్లును ఉభయులు సమ్మతించిరి." తీర్మానాలు అలాంటి భాషలోనే రాయడం మా చర్చిలో అలవాటు. సంతకాలయ్యాయి. ప్రార్థన అయింది.

ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. షరతు రాస్తే అతని వైపు వాళ్లను అనుమానించినట్టుంటుందని అనుకున్న మాట నిజం. అప్పుడే మెత్తబడ్డ గది మళ్లీ బిగుసుకుంటుందని భయపడ్డ మాటా నిజం. భోజనాల వేళ దాటిపోతోంది, పెద్దాయనకు షుగరు, ఆయన కుర్చీలో కదులుతున్నారు. ఇవన్నీ కారణాలే. అచ్చులో లేనిది జరగనట్టేనని కొత్తగా చేరిన విలేకరులకు నేనే చెప్పేవాణ్ణి. ఆ సంగతి తెలియక చేసిన పని కాదు.

ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. ఆమె గది తీసుకుని, తల్లిని తెచ్చుకుని, పాప కోసం వచ్చింది. వేసవిలో చర్చిలో పిల్లలకు బైబిలు తరగతులుంటాయి, పాప పాటల్లో ఉంది, అవి అవనివ్వమన్నారు. అయ్యాయి. నాయనమ్మకు కాలు బెణికింది, పాప కళ్ల ముందు ఉంటే ధైర్యమన్నారు. జూన్ వచ్చింది. వచ్చేసరికి మూడో తరగతి పుస్తకాలకు అట్టలు వేసేసి ఉన్నాయి, యూనిఫాం కుట్టించేశారు. మళ్లీ పరీక్షలయ్యేదాకా అన్నారు. ఏ ఒక్క కారణమూ అబద్ధం కాదు. విడిగా చూస్తే అన్నీ సబబుగానే ఉంటాయి.

ప్రతిసారీ ఆమె నాకు ఫోను చేసేది. నేను పెద్దలతో మాట్లాడేవాణ్ణి. పెద్దలు అతనితో మాట్లాడేవారు. తిరిగి నేను ఆమెకు ఫోను చేసి, ఇంకో నెల ఆగమ్మా అనేవాణ్ణి. కోర్టు మాట ఎత్తినప్పుడు మాత్రం గట్టిగా వద్దన్నాను. కోర్టుకెళ్తే అతను బిగుసుకుపోతాడు, ఇక కాపురం కలవదు అన్నాను. కాపురం కలవాలని ఆమె అప్పటికి కోరుకుంటోందో లేదో నేను అడగలేదు. అలా ఏడాదిన్నర గడిచిపోయింది.

చివరికి ఆమెకు దారి చెప్పింది ఆసుపత్రిలో వార్డు ఆయమ్మ. ఆ ఆయమ్మ చెల్లెలు మనోవర్తి కోసం కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లిందట. ఈమె ఒకరోజు డ్యూటీ దిగి అలాగే వెళ్లింది. జీతం వస్తోంది కాబట్టి తనకు ఇవ్వరేమోనని సర్టిఫికెట్లన్నీ పట్టుకెళ్లింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదన్నారు. ఒక అప్లికేషన్ తీసుకుని లాయరును పెట్టారు.

ఆదాయంతో పని లేదన్న సంగతి ఆ రాత్రి ఆమె ఫోను చేసి చెబితే విన్నాను. కానీ అది నా చేతుల మీదుగా ఎన్నిసార్లు పేపర్లో వెళ్లిందో చెప్పలేను. ఉచిత న్యాయ సహాయం ఎవరెవరికి దొరుకుతుందో చెప్పే చిన్న ప్రకటన ఒకటి కోర్టు వాళ్లు పంపేవారు. కాలమ్ అడుగున ఖాళీ మిగిలితే దాన్ని వేసేవాళ్లం. చోటు చాలకపోతే చివర నుంచి కోసేవాణ్ణి. ఆడవాళ్ల సంగతి ఆ చివరి లైన్లలోనే ఉండేది.

పిటిషన్ వేశాక ఒకసారి నేను ఆ లాయరమ్మాయిని కోర్టు వరండాలో కలిశాను. చర్చిలో సంతకాలు పెట్టుకున్నాం కదా, దానికి ఏమన్నా విలువ ఉంటుందా అని అడిగాను. ఉంటుందనే జవాబు కోసం అడిగానేమో.

"చర్చి కాగితం కోర్టుని కట్టెయ్యదు సార్. అమ్మానాన్నా ఏం రాసుకున్నా, పిల్లకి ఏది మంచిదో కోర్టే చూస్తుంది" అంది. తర్వాత ఫైలు చంకలో సర్దుకుని, మిగతాది చెప్పింది. పాప ఏడాదిన్నరగా ఒకచోట ఉంది. స్కూలు, స్నేహితులు, నాయనమ్మ అన్నీ అక్కడే. అక్కడి నుంచి కదపాలంటే జడ్జిగారికి గట్టి కారణం చూపించాలి. తల్లి తనంతట తను పాపను వదిలేసి వెళ్లిందని వాళ్లు వాదిస్తారు. కొన్నాళ్లకే వదిలిందని మనం చూపించగలిగితే కేసు నిలబడుతుంది. "మొదటి ఏప్రిల్లోనే వచ్చేసి ఉంటే వేరేగా ఉండేది సార్. ఆవిణ్ణి ఎవరో ఆగమన్నారంట" అంది. ఆ ఎవరో నేనేనని చెప్పలేదు.

ఆ తర్వాత నాకు సమన్లు వచ్చాయి. తీర్మానాల పుస్తకం పట్టుకుని రమ్మని తండ్రి తరపు వాళ్లు పిలిపించారు. కారులో వెళ్తున్నంతసేపూ పెద్దలు పాప గురించి ఎత్తలేదు. ధవళేశ్వరం దగ్గర ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నాం. పెద్దాయన ఒక్కసారి మాత్రం, "ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామండి. రాసిందే కదా చెప్పాలి" అన్నారు. నేను తలూపాను. "ప్రస్తావన వచ్చినట్టు గుర్తు" అన్న నా వాక్యం ఆ కారులోనే తయారైంది. పేపర్లో ఇలాంటి వాక్యాలు రోజూ రాసేవాళ్లం. తెలిసినట్టు సమాచారం, అన్నట్టు తెలిసింది. ఎవరూ కేసు వెయ్యకుండా మమ్మల్ని కాపాడేవి అవి.

ఆర్డరు వచ్చాక ఆమె మా చర్చికి రావడం మానేసింది. కోపంతో కాదు. ఆరాధన మొదలయ్యేది పది గంటలకు. నెలలో రెండు ఆదివారాలు ఆమె అదే పది గంటలకు మండపేట బస్టాండులో పాపను తీసుకోవాలి. మిగతా ఆదివారాల్లో రాజమండ్రి నుంచి రావడానికి కారణమే లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బస్టాండు దగ్గర వాళ్లు కనిపించారు. ఎండ మండిపోతోంది. హోటల్లో భోజనం చేసి ఇంకెక్కడికీ వెళ్లలేక, సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పాప తల్లి ఒళ్లో నోటుబుక్కు పెట్టి హోంవర్కు చేస్తోంది. సాయంత్రానికి అవ్వకపోతే నాయనమ్మ ఊరుకోదట. ఆమె ఒక చేత్తో పుస్తకం కదలకుండా పట్టుకుంది.

"వందనాలండి బాబాయిగారూ" అంది ఎప్పటిలాగే.

పాప తలెత్తి తల్లికి నన్ను పరిచయం చేసింది. "ఈయన మా చర్చి తాతగారు."

"నాకు తెలుసమ్మా" అంది ఆమె. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

ఆ వారంలోనే రాజమండ్రి వెళ్లి, ఆసుపత్రి క్యాంటీన్లో ఆమెను కలిశాను. ఆమెకు పావుగంట టీ విరామం. చెప్పాల్సింది బస్సులో వరస పెట్టుకున్నాను గానీ అక్కడ ఆ వరస రాలేదు. "ఆ రోజు నువ్వన్న మాట నాకు గుర్తుందమ్మా. కోర్టులో కూడా గుర్తుంది" అని మాత్రం అన్నాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "గుర్తుందని నాకు తెలుసండి. మీరు బోనులో కచ్చితంగా చెప్పలేనన్నప్పుడు నా వైపు చూడలేదు" అంది. "మళ్లీ చెప్తారా?" అని అడిగింది.

చెబుతానన్నాను. తిట్టినా, ఏడ్చినా నాకు తేలికగా ఉండేదేమో. ఆమె గడియారం చూసుకుని, లాయరమ్మాయి ఏ రోజుల్లో ఎన్ని గంటలకు దొరుకుతుందో చెప్పి, డ్యూటీకి వెళ్లిపోయింది.

లాయరమ్మాయి నా మాట మొత్తం రాసుకుంది. తర్వాత నన్ను మళ్లీ సాక్షిగా పిలవమని పిటిషన్ వేస్తానంది. "వాళ్ల లాయరు మిమ్మల్ని వదలరు సార్. అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా అంటారు. చర్చిలో కూడా మీకు ఇబ్బందవుతుంది."

"అననివ్వమ్మా" అన్నాను. నిజానికి అప్పుడు నాకు భయం వేసింది. ఈ వయసులో నా మాట నమ్మదగింది కాదని నిండు కోర్టులో ఒకరు నిరూపిస్తుంటే నిలబడి వినాలి. అది న్యాయమే.

నా ఒక్కడి మాట కన్నా ఆ గదిలో ఉన్న ఇంకొకరి మాట తోడైతే బలంగా ఉంటుందని లాయరమ్మాయి చెప్పడంతో పెద్దల దగ్గరికి తిరిగాను. పెద్దాయన అప్పటికే ప్రభువు నందు నిద్రించారు. పాస్టరుగారికి వేరే ఊరు బదిలీ అయింది. ఫోనులో, తను ప్రార్థన చేసింది మాత్రమే గుర్తుందన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "వయసైపోతందండి, ఏదీ గుర్తుండట్లేదు" అన్నారు. ఆయన సంఘంలో ఎవరెవరి పెళ్లి ఏ సంవత్సరం జరిగిందో చూసుకోకుండా చెప్పగలరు. రెండో ఆయన తలుపు దగ్గరే మాట్లాడారు. ఆ మరుసటి నెల కార్యదర్శి పని ఇంకొకరికి అప్పగించమన్నారు, అప్పగించాను.

తండ్రి ఒకసారి దారిలో ఎదురయ్యాడు. బండి ఆపాడు. "మీరు కూడా ఏంటండి" అని మాత్రం అన్నాడు. వెనక సీటు మీద పాప ఉంది, స్కూలు బ్యాగు తగిలించుకుని, నాన్న నడుము పట్టుకుని. నేను ఆ చిన్న చేతినే చూశాను. నా మాట నెగ్గితే ఆ చెయ్యి అక్కడి నుంచి తీయాలి. నా మాట నెగ్గకపోతే బస్టాండు బల్ల మీద హోంవర్కు అలాగే సాగుతుంది. మొదటి ఏప్రిల్లో అయితే ఈ రెండింటిలో ఏదీ ఇంత బరువయ్యేది కాదు. రెండో తరగతి పిల్ల, వేసవి సెలవులు, గంటన్నర ప్రయాణం.

నేను ఆ పేజీ రాసినప్పుడు పాపకు ఏడేళ్లు. ఇప్పుడు పదకొండు నిండాయి, ఆరో తరగతి. పిల్ల పెద్దదయ్యే కొద్దీ ఆమె ఇష్టాన్ని కూడా కోర్టు ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటుందని లాయరమ్మాయి చెప్పింది. జడ్జిగారు ఒకసారి తన గదిలోకి పిలిచి పాపతో మాట్లాడారట. ఏం చెప్పావని ఆమె పాపను అడగలేదు, అడగొద్దని లాయరమ్మాయి ముందే చెప్పింది. ఆ తర్వాత ఆ జడ్జిగారికి బదిలీ అయింది.

నన్ను మళ్లీ పిలవమని వేసిన పిటిషన్‌కు తండ్రి తరపు వాళ్లు అభ్యంతరం చెబుతూ కౌంటరు వేశారు. ఇప్పటికి అయిదు వాయిదాలయ్యాయి. నా మాట మళ్లీ వినాలో అక్కర్లేదో కోర్టు ఇంకా తేల్చలేదు.